గ్యాలరీలో గేలి చేసిన వీడియో కాలేజీ సీటుకు అడ్డొస్తుందా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నేను హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద, పిల్లలు దాని కింద వచ్చే డిపెండెంట్ వీసా హెచ్-4 మీద ఉన్నారు. మా అబ్బాయి లెవెన్త్ గ్రేడ్. మార్కులు బాగానే వస్తాయి. బాస్కెట్‌బాల్ ఆడడు గానీ వాళ్ల స్కూలు స్టూడెంట్ సెక్షన్‌కి, అంటే గ్యాలరీలో అరుస్తూ జట్టును ఉత్సాహపరిచే విద్యార్థుల గుంపుకి, లీడర్ వీడే. జనవరిలో ఒక మ్యాచ్‌లో అవతలి టీమ్ కుర్రాడు ఫ్రీ త్రోకి (ఎవరూ అడ్డుకోకుండా బాల్‌ని బుట్టలోకి వేసే అవకాశం) నిలబడ్డ ప్రతిసారీ, ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికి పట్టుకున్న అతని చెల్లెలి పేరును అందరిచేతా అరిపించాడట. అసిస్టెంట్ ప్రిన్సిపల్ బయటకు పంపేసి, ఈ సీజన్ అయ్యేదాకా మ్యాచ్‌లకు రావద్దన్నారు. ఆ వీడియో పిల్లల ఫోన్లలో తిరుగుతోంది. "అందరూ అరుస్తారు నాన్నా, నన్నొక్కణ్ణే పట్టుకున్నారు" అంటాడు. అడ్మిషన్ మీద, వీసా మీద దీని ప్రభావం ఉంటుందా? పైగా కంప్యూటర్ సైన్స్ వద్దు, స్పోర్ట్స్ మీడియా చదువుతానంటున్నాడు. ఈ గోలకి వీణ్ణి పూర్తిగా దూరం పెట్టమంటారా?

జవాబు: ముందు వీసా సంగతి తేల్చేద్దాం. మీ టెన్షన్‌లో సగం అదే అనిపిస్తోంది. స్కూలు వేసిన శిక్షకీ ఇమిగ్రేషన్‌కీ నేరుగా సంబంధం లేదు. వీసా ఫారంలో అడిగేది ఎప్పుడైనా అరెస్టయ్యారా, నేరం రుజువైందా అని. జిమ్ నుంచి పంపేశారా అని ఎవరూ అడగరు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. రావద్దన్నాక స్నేహితులతో కలిసి మళ్లీ లోపలికి దూరితే అది పోలీసుల దాకా వెళ్లొచ్చు. అప్పుడు అది స్కూలు గొడవగా మిగలదు. ఈ మాట వాడికి గట్టిగా చెప్పండి.

ఇక "అందరూ అరుస్తారు" అన్న మాట. అది అబద్ధం కాదు. బాల్ రింగుకి కూడా తగలకుండా పోతే "ఎయిర్ బాల్" అని రాగం తీయడం, ఫ్రీ త్రో వేసేటప్పుడు బోర్డు వెనక చేతులు ఊపడం అమెరికా హైస్కూల్ జిమ్‌లలో మామూలే. పెళ్లిళ్లలో వియ్యాలవారిని ఆటపట్టిస్తూ పాడే పాటలు విన్నవాళ్లం మనం, అవతలి పక్షాన్ని వేళాకోళం చేయడం మనకూ కొత్త కాదు. 2015 డిసెంబరులో విస్కాన్సిన్ రాష్ట్ర హైస్కూల్ క్రీడల సంఘం "ఎయిర్ బాల్", "స్కోర్‌బోర్డ్" లాంటి నినాదాలు క్రీడాస్ఫూర్తికి తగవని స్కూళ్లకు ఈమెయిల్ పంపింది. దాని మీద ట్విట్టర్‌లో బూతు మాట రాసిన ఒక బాస్కెట్‌బాల్ అమ్మాయిని 5 మ్యాచ్‌లకు పక్కన పెట్టారు. దేశమంతా ఆ సంఘాన్ని ఆటపట్టించింది. వాళ్లు అతి చేశారనే నేనూ అంటాను.

మీవాడు చేసింది ఆ కోవలోది కాదు. ఫ్రీ త్రో అంటే ఆట ఆగిపోయి, జిమ్ మొత్తం ఒక్క కుర్రాడి చేతుల వైపు చూసే సమయం. అప్పుడు వాడి ధ్యాస చెదరగొట్టడం స్టూడెంట్ సెక్షన్ పనే అనుకుందాం. కానీ ఆ చెల్లెలు కోర్టులోకి దిగలేదు, టీమ్‌లో లేదు, బహుశా ఆ రోజు జిమ్‌లో కూడా లేదేమో. ఆమె అకౌంట్ వెతికి, పేరు పట్టుకొచ్చి, గుంపుచేత అరిపించాడు. దాన్ని ఆటలో భాగం అనలేం. అందరూ అరిచి ఉండొచ్చు, పేరు తెచ్చింది వీడు. రేపు వీడికే చెల్లెలుంటే, ఆ పిల్ల పేరును పరాయి స్కూలు జిమ్‌లో అలా అరిస్తే ఎలా ఉంటుందో వాడితోనే చెప్పించండి. ఉపన్యాసం అక్కర్లేదు, ఈ ఒక్క ప్రశ్న వేసి ఊరుకోండి.

గ్యాలరీ నుంచి మొదలైన పనికి జట్టు మూల్యం చెల్లించిన సందర్భాలున్నాయి. 2021 జూన్‌లో కాలిఫోర్నియాలో కొరొనాడో హైస్కూల్ ప్రాంతీయ ఫైనల్‌ను ఓవర్‌టైమ్‌లో గెలిచింది. ఆట అయ్యాక, లాటినో పిల్లలు ఎక్కువగా చదివే ఆరెంజ్ గ్లెన్ జట్టు వైపు కొరొనాడో ఆటగాళ్లు కొందరు టోర్టియాలు (మెక్సికన్ రొట్టెలు) విసిరారు. వాటిని జిమ్‌లోకి తెచ్చింది ఒక పూర్వ విద్యార్థి. అయినా రాష్ట్ర సంఘం అప్పట్లో టైటిల్ వెనక్కి తీసేసుకుంది, కోచ్ ఉద్యోగం పోయింది. అంత దూరం వెళ్లకపోయినా, ప్రేక్షకుల తీరు ఆటకు అడ్డొస్తోందని రిఫరీకి అనిపిస్తే వాళ్ల జట్టు మీద టెక్నికల్ ఫౌల్ ఇచ్చే అధికారం హైస్కూల్ రూల్స్‌లో ఉంది. అవతలివాళ్లకు రెండు ఫ్రీ త్రోలు, పైగా బాల్ కూడా. ఇలా అరిచే పిల్లలకు చాలామందికి ఈ సంగతి తెలియదు.

అడ్మిషన్ దగ్గరికొస్తే, చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్ 2021 నుంచి క్రమశిక్షణ చర్యల ప్రశ్నను ఉమ్మడి ఫారం నుంచి తీసేసింది. కొన్ని కాలేజీలు మాత్రం తమ సొంత ప్రశ్నల్లో అడుగుతాయి. అడిగినచోట ఉన్నదున్నట్టు రాయాలి. ఏం జరిగిందో, తర్వాత ఏం చేశాడో నాలుగు వాక్యాలు చాలు. అది మెయిన్ ఎస్సేకి పనికొచ్చే సరుకు కాదు. "నేను మారిపోయాను" అనే ఎస్సేలు చదివి చదివి అడ్మిషన్ ఆఫీసులవాళ్లు అలిసిపోయి ఉంటారు. మ్యాచ్‌లకు రావద్దనడం సస్పెన్షన్ కిందికి వస్తుందా, రికార్డులో ఉంటుందా అన్నది స్కూలు కౌన్సెలర్‌ని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఫ్రిస్కోలో ఉన్నారు కాబట్టి ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ మీ లిస్టులో ఉండే ఉంటుంది. అక్కడ ఆటోమేటిక్ అడ్మిషన్‌కి చూసేది క్లాస్ ర్యాంక్, 2026 నుంచి టాప్ 5 శాతం. కానీ ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఇస్తారన్నది ర్యాంక్ ఒక్కటే తేల్చదు.

వీడియో సంగతి కొట్టిపారేయకండి. 2017లో హార్వర్డ్, ఒక ప్రైవేట్ ఫేస్‌బుక్ గ్రూప్‌లో అసభ్యమైన మీమ్స్ పెట్టుకున్న కనీసం 10 మందికి ఇచ్చిన సీట్లు వెనక్కి తీసుకుంది. మీవాడి కేసు అంతటిది కాదు. అయినా వాడి అకౌంట్‌లో ఆ క్లిప్ ఉంటే ఈ రోజే తీసేయాలి. క్షమాపణ ఉత్తరం వాడే రాయాలి. మీరు దిద్దొద్దు, చాట్‌జీపీటీ చేత రాయించొద్దు. దాన్ని స్కూల్లో క్రీడలు చూసే అథ్లెటిక్ డైరెక్టర్ ద్వారా అవతలి స్కూలుకు పంపాలి. ఆ అమ్మాయికి నేరుగా మెసేజ్ పెట్టొద్దు, అది ఆమెను మళ్లీ ఇబ్బంది పెట్టడమే అవుతుంది.

ఇప్పుడు స్పోర్ట్స్ మీడియా. మీరు దీన్ని కోతిచేష్టల కొనసాగింపుగా చూస్తున్నట్టున్నారు. ఒక గుంపును కూడగట్టి, ఎప్పుడు లేవాలో ఎప్పుడు అరవాలో చెప్పి నడిపించడం చిన్న విద్య కాదు. ఇండియానాలోని టేలర్ యూనివర్సిటీలో ఏటా డిసెంబరులో ఒక మ్యాచ్‌కి విద్యార్థులు వేషాలు వేసుకొచ్చి, తమ జట్టు 10వ పాయింట్ కొట్టేదాకా నోరు మెదపరు. కొట్టగానే జిమ్ అదిరిపోతుంది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో 2013 నుంచి ఫ్రీ త్రో సమయంలో బోర్డు వెనక ఒక నల్ల తెర తెరిచి విచిత్ర వేషాలు చూపిస్తున్నారు. 2016లో ఆ తెర వెనక నుంచి ఈత దుస్తుల్లో ఒలింపిక్ ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ బయటికొచ్చాడు. ఎవరి చెల్లెలి పేరూ అక్కర్లేకుండానే అవతలివాడి గురి చెదరగొట్టవచ్చు, కాస్త బుర్ర పెట్టాలంతే. ఇవి మీవాడికి చూపించండి, నామాట కంటే బాగా ఎక్కుతాయి.

మీడియా చదువు కోసం సిరక్యూస్ యూనివర్సిటీలోని న్యూహౌస్, అరిజోనా స్టేట్‌లోని క్రాంకైట్, ఆస్టిన్‌లోని మూడీ కాలేజీ చూడండి. బాబ్ కోస్టాస్, మైక్ టిరికో లాంటి కామెంటేటర్లు సిరక్యూస్‌లో చదివినవాళ్లే. కానీ మీ పరిస్థితిలో ఒక చిక్కుంది. 21 నిండితే హెచ్-4 పోతుంది. అప్పటికి గ్రీన్‌కార్డు రాకపోతే విద్యార్థి వీసా ఎఫ్-1లోకి మారాలి. చదువయ్యాక ఆ వీసా మీద పనిచేసుకోనిచ్చే ఓపీటీ ఒక ఏడాదే. ఇంకో 24 నెలల పొడిగింపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) డిగ్రీలకే, జర్నలిజం ఆ లిస్టులోకి రాదు. ఈ రంగంలో మొదట్లో జీతాలూ తక్కువే. అందుకని స్టాటిస్టిక్స్ గానీ డేటా సైన్స్ గానీ మేజర్‌గా పెట్టుకుని, మీడియాని దానికి జోడించమంటాను. అనలిటిక్స్ తెలిసినవాళ్లను జట్లూ ఛానళ్లూ కూడా తీసుకుంటున్నాయి. వాడు కాదంటే బలవంతం చేయకండి, ఈ లెక్క మాత్రం వాడి ముందు పెట్టండి.

దూరం పెట్టమంటారా అన్నారు. వద్దు. ఈ సీజన్ ఎలాగూ పోయింది. స్కూలు తన మ్యాచ్‌లను ఆన్‌లైన్‌లో చూపిస్తుంటే, వేసవి తర్వాత వాలీబాల్ మ్యాచ్‌లకు కామెంటరీ చెప్పే అవకాశం అడగమనండి. స్కోర్ బుక్ రాయడం నేర్చుకున్నా మంచిదే. డబ్బులిచ్చే రిఫరీ పని మాత్రం హెచ్-4 మీద చేయకూడదు, ఎవరైనా క్యాష్ ఇస్తామన్నా ఒప్పుకోవద్దు. నవంబరులో కొత్త సీజన్ మొదలయ్యే ముందు, మళ్లీ స్టూడెంట్ సెక్షన్‌లోకి రావచ్చా, ఏ నినాదాలు పనికిరావు అని అథ్లెటిక్ డైరెక్టర్‌ని వాడే వెళ్లి అడగాలి. మీరు వెంట వెళ్లకండి.