సెకండ్‌హ్యాండ్ క్యారవాన్: పరుపులు కాదు, ముందు పైకప్పు, ఆర్సీ చూడండి

బెంగళూరులో ఒకాయన టెంపో ట్రావెలర్‌ను క్యారవాన్‌గా మార్పించి వాడి ఇప్పుడు అమ్ముతున్నారు, కొని తిరుపతికి తెచ్చుకోవచ్చా అని ఒకరు నన్ను అడిగారు. తెచ్చుకోవచ్చు. కానీ లోపలి పరుపులు, టీవీ చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. నేను అలాగే ఇచ్చాను.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ప్రయాణాల్లో బాత్రూం కోసం ఆమె పడే అవస్థ చూడలేక 2021లో ఇలాంటి బండే ఒకటి కొన్నా. రెండు బెర్తులు, చిన్న వంటగట్టు, టాయిలెట్, అన్నీ తళతళలాడుతున్నాయి. ఆ నవంబర్‌లో తిరుపతిని ముంచిన వానలు మీకూ గుర్తుండే ఉంటాయి. రెండో రోజు పొద్దున తలుపు తీస్తే తడిసిన గోనెసంచి వాసన. పైన ఏసీ బిగించిన చోట సీలెంట్ ఎప్పుడో పగిలిపోయింది, నీళ్లు గోడ ప్లైవుడ్‌లోకి దిగుతున్నాయి. మైకా షీట్ మీద బొటనవేలితో నొక్కితే నానిన అటుకుల్లా లోపలికి పోయింది. ఆ షీట్ ఒక్కటే అంత కొత్తగా ఎందుకుందో అప్పుడు అర్థమైంది. ఒక పక్క గోడంతా విప్పి మళ్లీ కట్టించాం.

అందుకే వాన పడిన మర్నాడు వెళ్లి చూడండి. వాన లేకపోతే పైకప్పు మీద అరగంట పైపుతో నీళ్లు కొట్టమనండి. వద్దంటే ఆ బండి మీకూ వద్దు. కిటికీ మూలలు, బెర్తుల కింద, అరల వెనక చేత్తో తడిమి, వాసన కూడా చూడండి.

ఇలాంటి బండ్లు నెలల తరబడి ఒకేచోట నిలబడి ఉంటాయి. టైర్లకు గ్రిప్ నిండుగా ఉన్నా రబ్బరు పగుళ్లిస్తుంది. టైరు పక్కన నాలుగంకెల ముద్ర చదవండి: 2318 అంటే 2018లో 23వ వారం తయారీ. వంటగట్టు దగ్గరి గ్యాస్ పైపు మాత్రం ఎలా ఉన్నా మార్చేయండి.

కాగితాల దగ్గర నాకు ఇంకో దెబ్బ తగిలింది. ఆర్సీలో మ్యాక్సీ క్యాబ్, 12 సీట్లు అని ఉంది, బండిలో ఆ సీట్లే లేవు. ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి తీసుకెళ్తే ఇన్‌స్పెక్టర్ లోపలికి తొంగిచూసి కాగితాలు వెనక్కిచ్చారు. ఆయన తప్పేమీ లేదు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అనుమతి లేకుండా బండిని అలా మార్చకూడదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా ఇదే తలనొప్పి. మార్పులు ఆర్సీలో ఎక్కాయో లేదో చూశాకే ధర మాట్లాడండి. ఛాసిస్ నంబర్ బండి మీద మీ కళ్లతో చదివి ఆర్సీతో సరిచూడండి. కర్ణాటక నుంచి ఎన్‌ఓసీకి (అభ్యంతరం లేదనే పత్రానికి) ఫారం 28, పేరు మార్పుకు 29, 30, బండి మీద ఫైనాన్స్ ఉంటే అది తీరినట్టు ఫారం 35 కావాలి. ఇక్కడ కట్టాల్సిన ట్యాక్స్ ఎంతో ముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని బేరంలో కలుపుకోండి. పేరు మారిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మార్చమని అప్లై చేయాలి.

ఇంకొక మాట. ఇంటికి తెచ్చే దారిలో పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగాలి. నీళ్ల ట్యాంకులో 100 లీటర్లుంటే 100 కిలోల బరువు, పైగా ప్లైవుడ్, బ్యాటరీలు. పల్లంలో ఈ భారమంతా బ్రేకుల మీదే. కాబట్టి బెంగళూరులోనే ట్యాంక్ నింపించి, మీ మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏదైనా పల్లంలో బ్రేకులు చూసుకున్నాకే డబ్బు చేతికివ్వండి.