రిమోట్ పని ఆగిపోతుందన్న భయంతో ముందే రాజీనామా చేయించకండి

ప్రశ్న: మా అమ్మాయి అమెరికా పౌరసత్వం వచ్చాక 2021లో అక్కడి ఫెడరల్ ప్రభుత్వ శాఖలో ఐటీ స్పెషలిస్టుగా చేరింది. ఆఫీసు వాషింగ్టన్‌లో ఉంది, తను టెక్సస్‌లో ఇంటి నుంచే పనిచేస్తోంది. ఇప్పటిదాకా ఇచ్చిన తాత్కాలిక మినహాయింపు ఇక ఉండదంటున్నారు, ఉత్తర్వు మాత్రం రాలేదు. అల్లుడి ఉద్యోగం, పిల్లల చదువు టెక్సస్‌లోనే. వెంటనే రాజీనామా చేసి, ఆరు నెలల ఏఐ కోర్సు చదివి, ఇంటి నుంచి చేసుకునే ప్రైవేటు ఉద్యోగం చూసుకోమంటున్నాను. రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి. నేను సచివాలయంలో పనిచేసి, 2016లో హైదరాబాదు నుంచి వెలగపూడికి మారి, అక్కడే పదవీ విరమణ చేశాను.
— ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఇలాంటి ఉత్తరాలు 2025 నుంచి నాకు చాలా వస్తున్నాయి. అందరూ పోల్చి చెప్పమనే అడుగుతారు గానీ, వాటిలో కనిపించే అసలు బాధ ఎదురుచూపు. ఉత్తర్వు ఎప్పుడొస్తుందో, అందులో ఏముంటుందో తెలియక రోజులు గడపడం కంటే రాజీనామా చేసేస్తే నిర్ణయమైనా మన చేతిలో ఉంటుందని మీకు అనిపిస్తోంది. ఆ ఆలోచన సహజమే. కానీ దానివల్ల మీ అమ్మాయికి నష్టం జరిగే అవకాశం ఉంది.

2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఆదేశం ఫెడరల్ ఉద్యోగులందరూ ఆఫీసుకు రావాలని చెబుతూనే, అవసరమైన మినహాయింపులు ఇచ్చే అధికారాన్ని శాఖాధిపతులకు వదిలింది. అంతకుముందు 2024లో ప్రభుత్వమే ఇచ్చిన నివేదిక ప్రకారం దాదాపు 22.8 లక్షల మంది సివిలియన్ ఉద్యోగుల్లో పూర్తిగా రిమోట్ పోస్టుల్లో ఉన్నవారు సుమారు 2,28,000 మంది, అంటే పదింట ఒకరు. వారానికి రెండు మూడు రోజులు ఇంట్లో పనిచేసే టెలివర్క్ ఉద్యోగుల కంటే వీరి పరిస్థితి వేరు. వీరికి అధికారిక పనిస్థలమే ఇల్లు, జీతంలో ప్రాంతాన్ని బట్టి వచ్చే భాగం కూడా ఆ ఊరిని బట్టే ఉంటుంది. శాఖ ఆఫీసు ఏదీ 50 మైళ్ల లోపు లేనివారిని వారి పనికి తగిన ఆఫీసుకు మార్చే ప్రణాళిక వేయాలని సిబ్బంది వ్యవహారాలు చూసే ఓపీఎం కోరింది. ఆ ఆఫీసు వాషింగ్టనే కానక్కరలేదు. శాఖకు డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో కార్యాలయం ఉంటే అక్కడికి వేయమని అడగవచ్చు. వైకల్యం, తీవ్రమైన అనారోగ్యం ఉన్నవారికి మినహాయింపు మార్గం కూడా ఉంది.

ఇక రాజీనామా సంగతి. రాకపోకలకు వీలుకాని దూరానికి బదిలీ చేసినప్పుడు ఉద్యోగి వెళ్లలేనంటే శాఖ తొలగించవచ్చు. అలా తొలగించినప్పుడు, ఎక్కడికి వేస్తే అక్కడికి వెళ్లాలన్న షరతు ఆమె పోస్టుకు లేకపోతే, సెవరెన్స్ పే, అంటే తొలగించిన ఉద్యోగికి ఇచ్చే పరిహారం, పొందే అర్హత ఉండవచ్చు. మొదటి పదేళ్ల సర్వీసుకు ఏడాదికి ఒక వారం మూల వేతనం చొప్పున లెక్క కాబట్టి అది పెద్ద మొత్తం కాదు. అయినా లిఖితపూర్వక నోటీసు రాకముందే తనంతట తాను మానేస్తే అదీ దక్కదు. అంతకంటే ముఖ్యమైనది పెన్షన్. ఫెడరల్ ఉద్యోగుల పెన్షన్ పథకమైన ఫెర్స్‌లో ఐదేళ్ల సర్వీసు నిండితే, ఉద్యోగం మానేసినా 62వ ఏట కొంత పెన్షన్ తీసుకునే హక్కు మిగులుతుంది. 2021లో ఏ నెలలో చేరిందో మీరు రాయలేదు, కానీ ఆ ఐదేళ్లు 2026లో నిండుతాయి. ఇంత దగ్గరకు వచ్చాక వదులుకోమని నేను ఎవరికీ చెప్పను. మరో ఊరట కూడా ఉంది. మూడేళ్లు దాటిన శాశ్వత ఉద్యోగికి కెరీర్ హోదా వస్తుంది. ఆ హోదా ఉన్నవారు ఒకసారి బయటికి వెళ్లినా, కాలపరిమితి లేకుండా మళ్లీ ఫెడరల్ పోస్టులకు దరఖాస్తు చేసుకోవచ్చు. కాబట్టి ఈ ఉద్యోగం పోయినా ఆమెకు ప్రభుత్వ తలుపు పూర్తిగా మూసుకుపోదు.

మీరు చెప్పిన ఏఐ కోర్సు మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఈ మధ్య తల్లిదండ్రులు ఇంటి నుంచి పనిచేయడాన్ని ఒక వృత్తిలా చూస్తున్నారు. అది యజమాని ఇచ్చే వెసులుబాటు మాత్రమే, ఇచ్చినవారు ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలరు. ప్రైవేటులోనూ అదే జరిగింది. టీసీఎస్ 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులు ఆఫీసుకు రమ్మంది, అమెజాన్ 2025 జనవరి నుంచి అదే నిబంధన పెట్టింది. ప్రభుత్వం రిమోట్ వెసులుబాటు తీసేస్తుందని భయపడి, అదే వెసులుబాటును ఇంకా తేలికగా తీసేయగల చోటికి పంపడం ఏం ఆలోచన? పైగా ఆరు నెలల కోర్సు ముగించిన వ్యక్తి కొత్తగా చదువు పూర్తిచేసి వచ్చిన పిల్లలతో పోటీపడాలి. మీ అమ్మాయి అసలు బలం ప్రభుత్వ వ్యవస్థల మీద ఇన్నేళ్లు పనిచేసిన అనుభవం, నేపథ్య తనిఖీ పూర్తయిన రికార్డు. ఫెడరల్ కాంట్రాక్టు కంపెనీలు వాటికే విలువ ఇస్తాయి. ఏఐ నేర్చుకోవాలని ఆమెకే ఉంటే, ఉద్యోగంలో ఉండగానే సాయంత్రాలు నేర్చుకోమనండి. దానికి రాజీనామా అక్కరలేదు.

ఇప్పుడు మీకు ఒక మాట చెప్పాలి, కాస్త కటువుగా ఉంటుంది. ఉత్తరంలో అల్లుడి ఉద్యోగం, పిల్లల చదువు, మీ సలహా అన్నీ ఉన్నాయి. మీ అమ్మాయి ఏం కోరుకుంటోందో ఒక్క వాక్యం లేదు. వెలగపూడికి మారినప్పుడు మీ తోటివారిలో ఎంతోమంది పిల్లల చదువుల కోసం కుటుంబాలను హైదరాబాదులో ఉంచి, వారాంతాల్లో రైలెక్కి వెళ్లివచ్చారు. అప్పుడు మిమ్మల్ని ఉద్యోగం మానేయమని మీ నాన్నగారు ఒత్తిడి చేస్తే ఊరుకునేవారా? ఆమె పెళ్లయి, పిల్లలున్న మనిషి, పరాయి దేశంలో తన ఉద్యోగం తనే సంపాదించుకుంది. ఫోన్ చేసిన ప్రతిసారీ ఉత్తర్వు సంగతి అడిగి ఆమె ఆందోళన పెంచకండి. ఆమె నిర్ణయం ఆమెను తీసుకోనివ్వండి.

మీరు అడిగిన పోలిక ఇంతే: ఉత్తర్వు వచ్చేవరకు ఉద్యోగంలో ఉండడం వల్ల ఆమె పోగొట్టుకునేది ఏమీ లేదు, ముందే మానేస్తే పోయేవి చాలా ఉన్నాయి. ఈలోగా ఉద్యోగ వివరాలు నమోదు చేసి శాఖ ఇచ్చే ఎస్‌ఎఫ్-50 పత్రం తీసి చూసుకోమనండి. 24వ గడిలో 1 అని ఉంటే ఆమె హోదా శాశ్వతమైనదే. 39వ గడిలో అధికారిక పనిస్థలం ఏమని రాశారో చూడాలి. బదిలీ షరతు ఉందా, టెక్సస్‌లో శాఖకు ఆఫీసు ఉందా, కుటుంబమంతా ఆమె ఆరోగ్య బీమాలోనే ఉంటే ఉద్యోగం ఆగాక అది ఎన్నాళ్లు కొనసాగుతుంది అని హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ రాసి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోవాలి. ఉత్తర్వు చేతికి వచ్చాక కూడా సందేహం ఉంటే, ఈసారి ఆమెనే నాకు రాయమనండి.