చేప లోపలి గాలితిత్తి ఊపిరితిత్తేనా?

ప్రశ్న: ప్రయోగశాలలో శీలావతి చేపను కోసినప్పుడు వెన్నెముక కింద గాలి నిండిన తెల్లని తిత్తి కనిపించింది. అది నడుమ నొక్కినట్లు రెండు గదులుగా ఉంది. ఊపిరితిత్తే అయితే చేపకు మొప్పలు ఎందుకు? కాకపోతే ఇంత పెద్ద తిత్తి చేసే పనేమిటి?
- ఒక విద్యార్థిని

జవాబు: మీరు చూసింది ఊపిరితిత్తి కాదు. శీలావతికి శ్వాస మొప్పలతోనే జరుగుతుంది. ఆ తిత్తి పని చేపను నీటిలో కోరిన లోతున నిలపడం. ఎముకా, కండరమూ నీటికంటే సాంద్రమైనవి కనుక, అది లేకపోతే ఈత ఆపిన చేప మెల్లగా అడుగుకు దిగిపోతుంది. మంచినీటి చేపల్లో ఈ తిత్తి శరీర ఘనపరిమాణంలో సుమారు 7 శాతం ఉంటే, ఉప్పునీరు మరికాస్త తేలుస్తుంది కాబట్టి సముద్రపు చేపల్లో సుమారు 5 శాతంతో సరిపోతుంది. మృదులాస్థి చేప అయిన సొరకు ఈ తిత్తే లేదు. నూనెతో నిండిన పెద్ద కాలేయం దాని బరువును కొంత తేలిక చేస్తుంది.

తిత్తిలోకి గాలి ఎలా చేరుతుందన్నది మరింత ఆసక్తికరమైన విషయం. శీలావతి, బొచ్చె వంటి చేపల్లో తిత్తి నుంచి సన్నని గొట్టం ఒకటి ఆహారవాహికలోకి తెరుచుకుంటుంది. కోసేటప్పుడు ఇది సులభంగా తెగిపోతుంది కనుక చాలామంది కంట పడదు. తిలాపియా వంటి చేపలకు పెద్దయ్యాక ఈ గొట్టం ఉండదు. వాటిలో తిత్తి గోడలోని సన్నని రక్తనాళాల అల్లిక రక్తం నుంచే వాయువును లోపలికి వదులుతుంది, అవసరం తీరాక తిరిగి పీల్చుకుంటుంది. ఇది నెమ్మదిగా జరిగే పని. అందుకే లోతు నుంచి అలాంటి చేపను వేగంగా పైకి లాగితే, పీడనం తగ్గి తిత్తి ఉబ్బి, ఒక్కోసారి జీర్ణాశయం నోట్లోంచి బయటికి తోసుకువస్తుంది.

ఇక మొప్పలు. మొప్పల మూత ఎత్తి చూస్తే ఒక్కో పక్క నాలుగేసి ఎర్రని దువ్వెనల వరుసలు కనిపిస్తాయి. నోటితో తీసుకున్న నీరు వాటి మధ్యగా ఒక దిశలో పారుతుంటే, పలుచని రేకుల్లోని రక్తం దానికి ఎదురుదిశలో పారుతుంది. దీనివల్ల రక్తానికి దారి పొడవునా తనకంటే ఎక్కువ ఆక్సిజన్ ఉన్న నీరే తగులుతూ ఉంటుంది. గాలిలో ఆక్సిజన్ ఎంతో ఎక్కువగా ఉన్నా ఒడ్డున పడిన చేప ఊపిరాడక చనిపోవడానికి కారణం, నీటి ఆధారం పోగానే ఆ రేకులు ఒకదానికొకటి అంటుకుపోవడమే. చేప గుండెకు ఒక కర్ణిక, ఒక జఠరిక మాత్రమే ఉంటాయి. అది ఆక్సిజన్ తగ్గిన రక్తాన్ని నేరుగా మొప్పలకే పంపుతుంది.

అయినా మీ సందేహం నిరాధారమైనది కాదు. ఊపిరితిత్తుల చేపల్లో ఇదే మూలం నుంచి వచ్చిన తిత్తి నిజంగానే శ్వాసకు పనికివస్తుంది. కొర్రమేను కూడా గాలి పీల్చుకునేదే కానీ, అది ఆ గాలిని ఈ తిత్తిలో కాక, మొప్పలకు పైనున్న గదుల్లో నింపుకుంటుంది.

ఈసారి శీలావతిని కోసినప్పుడు తిత్తి ముందు గదిని తొందరపడి తీసేయకండి. దాని ముందు కొనకూ లోపలి చెవికీ మధ్య, వెన్నెముకను ఆనుకొని, ఒక్కో పక్క నాలుగు చిన్న ఎముకలు గొలుసులా ఉంటాయి. నీటిలోని శబ్దానికి తిత్తి కంపిస్తే అవే ఆ కంపనాన్ని చెవికి చేరవేస్తాయి. జర్మన్ శాస్త్రజ్ఞుడు వెబర్ 1820లో వర్ణించిన ఈ ఎముకలను భూతద్దంతో వెతికితే మీరూ చూడగలరు.