మంచు తుఫాను అంచనా రోజుకోలా మారుతుంటే దేన్ని నమ్మాలి?

కొడుకు, కోడలు, రెండేళ్ల మనవరాలు డాలస్‌లో ఉంటారని, వచ్చే వారాంతంలో అక్కడ మంచు తుఫాను అంటున్నారని రాశారు. ఫోనులో చూస్తే ఒకరోజు వాన, మరునాడు పది అంగుళాల మంచు, ఆ తర్వాత ఐసు అని మారిపోతోందని, గుంటూరులో కూర్చుని ఏది నమ్మాలో తెలియడం లేదని అడిగారు. మాది విజయవాడ. డాలస్ దగ్గరే కొన్నేళ్లు ఉద్యోగం చేసి తిరిగి వచ్చాను. తమ్ముడి కుటుంబం ఇప్పటికీ అక్కడే ఉంది కాబట్టి, ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో నేనూ మీలాగే అక్కడి వాతావరణం చూస్తూ కూర్చుంటాను.

చలిని ఇవాళే నమ్మండి. పడేది వానా, ఐసా, మంచా అన్న సంగతిని మాత్రం ఒకటి రెండు రోజుల ముందు వరకు ఎవరు చెప్పినా ఖాయం చేసుకోకండి. ఫోనులో ఈ రెండూ ఒకే బొమ్మ కింద కనిపిస్తాయి గానీ, వాటిని లెక్కకట్టడంలోని కష్టం ఒకటి కాదు.

ఉత్తర ధ్రువం వైపు పేరుకున్న చల్లని గాలి కెనడా మీదుగా దక్షిణానికి జారుతుంది. పడమట రాకీ పర్వతాలు ఉన్నాయి గానీ, వాటికి తూర్పున, డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రం దాకా అంతా మైదానమే, అడ్డుకునే కొండ లేదు. మనకు ఉత్తరాన హిమాలయాలు ఉండబట్టి సైబీరియా చలి ఇంత దూరం రాదు. వాళ్లకు ఆ రక్షణ లేదు. అంత పెద్ద గాలి కదలిక కాబట్టి చాలాసార్లు వారం ముందే లెక్కల్లో దొరుకుతుంది. అయితే ఆ గాలి బరువైనది, నేలను అంటిపెట్టుకుని పలుచగా వస్తుంది. కంప్యూటర్ నమూనాలు ఆ పలుచని పొరను సరిగా పట్టుకోలేక, దాని రాకను ఆలస్యంగా చూపిస్తాయని అక్కడి నిపుణులకు బాగా తెలుసు. శుక్రవారం రాత్రికి అన్నది మధ్యాహ్నానికే ఊళ్లోకి వచ్చేయవచ్చు. మీ వాళ్లను బజారు పనులు గురువారమే ముగించుకోమనండి.

ఇక వాన సంగతి. నేల మీద ఈ చల్లని పొర పరుచుకుని ఉండగా, మెక్సికో సింధుశాఖ నుంచి వచ్చే వెచ్చని తేమగాలి దాని మీదుగా పైకి ఎక్కుతుంది. అక్కడి నుంచి అంతా పొరల లెక్కే. పైన మేఘంలో పుట్టేది మామూలుగా మంచే. దిగుతూ మధ్యలో వెచ్చని పొరలో కరిగి నీటి చుక్క అవుతుంది. కింద ఉన్న చల్లని పొర మందంగా ఉంటే దారిలోనే మళ్లీ గడ్డకట్టి పలుకులుగా రాలుతుంది. పొర పలుచగా ఉంటే గడ్డకట్టే వ్యవధి దొరకదు. సున్నా డిగ్రీల కంటే చల్లబడినా నీరుగానే దిగి, కొమ్మనో తీగనో రోడ్డునో తాకిన మరుక్షణం ఐసు అవుతుంది. దీన్నే ఫ్రీజింగ్ రెయిన్ అంటారు. మధ్యలో వెచ్చని పొర లేకపోతే మంచు, కింద చల్లని పొర లేకపోతే ఉత్త వాన. ఒక్క డిగ్రీ తేడా చాలు, ఒకటి ఇంకొకటి అయిపోతుంది. ఊరికి ఉత్తరాన మంచు, ఊళ్లో ఐసు, దక్షిణాన వాన ఒకే గంటలో పడటం నేను చూశాను.

ఇంకో చిక్కు ఉంది. వాన పొడి గాలిలోకి పడితే కొన్ని చుక్కలు ఆవిరవుతాయి. ఆ ఆవిరి గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. ఫోనులో మూడు డిగ్రీలు, వాన అని కనిపించినా, చినుకు మొదలైన కాసేపటికి సున్నాకు పడిపోవచ్చు. అందుకే ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ‘ఫరవాలేదు, సున్నాకు పైనే ఉంది’ అనుకోకూడదు. గాలి ఎంత పొడిగా ఉందో కూడా చూడాలి.

ఫ్రీజింగ్ రెయిన్ పడిన ఉదయం ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే ఇక్కడ ఉన్నవాళ్లం తెల్లటి మంచునే ఊహించుకుంటాం. అక్కడ తెలుపు ఏమీ ఉండదు. నేను ఉన్న అపార్ట్‌మెంట్ మెట్ల ఇనుప కడ్డీకి చుట్టూ గాజు తొడుగు వేసినట్టు ఉండేది. గడ్డిపరక ఒక్కొక్కటి విడివిడిగా ఐసులో బిగుసుకుపోయి, కాలు పెడితే పటపటమని విరిగేది. కారు తలుపు రబ్బరు అతుక్కుపోయి, లాగితే ఊడివచ్చేది. రోడ్డు మాత్రం చినుకు పడి తడిసినట్టే నల్లగా కనిపించేది. ఆ నలుపే ప్రమాదం. మధ్యాహ్నానికి చెట్ల కొమ్మలు బరువు ఆగలేక విరిగి పడుతుండేవి. వాటి కింద కరెంటు తీగలు.

రోడ్డు విషయంలో ‘ఎంత పడుతుంది’ అనే ప్రశ్నకు అర్థం లేదు. 2021 ఫిబ్రవరి 11న డాలస్ పక్కనే ఉన్న ఫోర్ట్ వర్త్‌లో 130కి పైగా వాహనాలు ఒకదానినొకటి ఢీకొని ఆరుగురు చనిపోయారు. అంత ఘోరానికి కారణం చాలా కొద్దిగా పడిన సన్నని చినుకు, నేలకు ఎత్తుగా కట్టిన రోడ్డు మీద గడ్డకట్టింది. వంతెనలకు కింద నుంచి నేల వెచ్చదనం అందదు కాబట్టి అన్నిటికంటే ముందు అవే గడ్డకడతాయి. ‘కొంచెం చినుకులే అంటున్నారు నాన్నా, వెళ్లొస్తాను’ అని అబ్బాయి అంటే వద్దనండి. ఈ ఒక్క విషయంలో గట్టిగా చెప్పండి.

అంచనా ఎందుకు మారుతుందంటే, వారం ముందు ఆ తుఫాను మామూలుగా ఇంకా పసిఫిక్ మహాసముద్రం మీదే ఉంటుంది. పై గాలిని కొలిచే బెలూన్లను ప్రపంచమంతా దాదాపు ఒకే వేళకు, రోజుకు రెండుసార్లు ఎగురవేస్తారు. మన మచిలీపట్నంలోనూ ఆ కేంద్రం ఉంది, ఫోర్ట్ వర్త్‌లోనూ ఉంది. సముద్రం మధ్యలో మాత్రం ఎగురవేసేవాళ్లు దాదాపు లేరు. ఉపగ్రహాలు, విమానాలు ఆ లోటును కొంత పూడుస్తాయి. మొదటి కొలతలో ఉన్న చిన్న తేడా రోజులు గడిచేకొద్దీ పెద్దదవుతుంది. అందుకే లెక్కను ఒక్కసారి కాకుండా, మొదటి విలువలను కొద్దికొద్దిగా మార్చి అమెరికా వాళ్లు 31 సార్లు, యూరప్ వాతావరణ కేంద్రం 51 సార్లు వేస్తారు. వాటిలో ఎన్ని ఒకే మాట చెబుతున్నాయన్నదే అసలు అంచనా. మీరు ఫోనులో చూసిన పది అంగుళాల మంచు చాలావరకు వాటిలో ఏదో ఒక్క లెక్క నుంచి తీసినదై ఉంటుంది. వారం ముందు అంగుళాల్లో చెప్పే అంకెను చూసి నిద్ర చెడగొట్టుకోకండి.

ఇది మనకు తెలియని వ్యవహారం కాదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను నెల్లూరు, మచిలీపట్నం మధ్య తీరం దాటుతుందని చెప్పారు. చివరికి డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటింది. అటువైపు పొలం ఉన్న మా మేనమామ గారు ఏ ఊరి దగ్గర దాటుతుందా అని టీవీ ముందు కూర్చోలేదు. వాన మాత్రం తప్పదని తెలిసిపోయింది కాబట్టి, పనల మీద ఉన్న వరిని కుప్ప వేయించి పట్టాలు కప్పించారు. మీ వాళ్లు చేయవలసిందీ అదే. ఖాయంగా తెలిసిన దానికి సిద్ధపడాలి, అది చలి.

ఆ చలిని తక్కువగా చూడకండి. 2021లో అదే ఫిబ్రవరి 16న డాలస్‌లో సున్నాకు 19 డిగ్రీలు కిందికి పడిపోయింది. విద్యుత్ కేంద్రాలు, వాటికి గ్యాస్ అందించే పరికరాలు గడ్డకట్టి ఆగిపోయాయి. టెక్సాస్ అంతటా 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. ఆ తుఫానుకు 246 మంది చనిపోయారని రాష్ట్ర ప్రభుత్వమే లెక్క తేల్చింది. అంతటి చలిలో గంటకు 24 కిలోమీటర్ల గాలి తోడైతే, కప్పుకోని చర్మం అరగంటలో దెబ్బతింటుంది. పసిపిల్ల ఉన్న ఇంట్లో ఇది మంచు కంటే పెద్ద మాట.

ఫోనులోని బొమ్మలు మానేసి, అమెరికా జాతీయ వాతావరణ సంస్థకు ఫోర్ట్ వర్త్‌లో ఉన్న కార్యాలయం ఏం రాస్తోందో చూడండి. వాళ్లు రోజూ తమ అంచనాను, అందులో తమకున్న అనుమానాన్ని కూడా వివరంగా రాస్తారు. ‘వింటర్ స్టార్మ్ వాచ్’ అంటే అవకాశం ఉంది, సిద్ధపడమని. ‘వార్నింగ్’ అంటే దాదాపు ఖాయమని. ‘ఐస్ స్టార్మ్ వార్నింగ్’ అన్న మాట కనిపిస్తే, పావు అంగుళమో అంతకు మించో ఐసు పేరుకుంటుందని అర్థం చేసుకుని, కరెంటు పోతుందనే లెక్కతో ఉండండి. వాళ్లకూ మనకూ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా. అక్కడ ఉదయం ఎగిరిన బెలూన్ల కొలతలతో వేసిన అమెరికా లెక్కలు మన రాత్రి పది, పదిన్నరకల్లా వస్తాయి. గంటగంటకూ చూడనక్కర్లేదు, పడుకునే ముందు ఒకసారి చూస్తే చాలు.

అబ్బాయికి ఫోను చేసినప్పుడు, కరెంటు పోతే పాపను తీసుకుని ఎవరి ఇంటికి వెళ్తారో ఇప్పుడే అనుకోమనండి. రోడ్లు గడ్డకట్టాక వెళ్లలేరు. తాగే నీళ్లు, పాపకు కావలసిన పాలు, మందులు మూడు నాలుగు రోజులకు తెచ్చిపెట్టుకోమనండి. బయటి గోడ వైపున్న కుళాయిలను సన్నని ధారగా వదిలి, సింకు కింది అర తలుపులు తెరిచి ఉంచితే పైపులు పగలకుండా ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, వెచ్చదనం కోసం ఇంట్లో బొగ్గుల పొయ్యి వెలిగించకూడదు, మూసిన గ్యారేజీలో కారు ఇంజను నడపకూడదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. 2021లో అలా కొందరు చనిపోయారు. దాన్ని పసిగట్టే అలారం ఇంట్లో ఉందో లేదో, బ్యాటరీ పనిచేస్తోందో లేదో ఇవాళే చూడమనండి.