రేవతీ బలరాముల పడవ

చిరంజీవికి ఆశీస్సులు.

నీకు తాత వయసువాణ్ణి కనుక ‘నువ్వు’ అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ‘మాయాబజార్’ మీద నువ్వు పంపిన వ్యాసం రెండో పేజీకే విసుగొచ్చి పక్కన పెట్టేశాను. 1957 మార్చిలో విడుదలైందనీ, దర్శకత్వం కె.వి. రెడ్డిగారిదనీ, మాటలు పింగళి నాగేంద్రరావుగారివనీ, వెన్నెల మార్కస్ బార్‌ట్లే కెమెరాదనీ రాసుకుంటూ పోయావు. అన్నీ నిజాలే. కానీ ఘటోత్కచుడు మాయాశశిరేఖగా మారి ఏమేం చేశాడో తెలుగువాళ్లకు మూడు పేజీలు కథగా చెప్పాలా? పైగా ‘దృశ్యకావ్యం’, ‘నభూతో నభవిష్యతి’!

మర్నాడు మళ్లీ తీస్తే నాలుగో పేజీలో ఒక వాక్యం నన్ను కదలనివ్వలేదు. టీవీలో ‘లాహిరి లాహిరి’ పాట వస్తున్నప్పుడు మీ అమ్మమ్మగారు చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ ఉండేవారనీ, అభిమన్యుడూ శశిరేఖా పడవలో ఉన్నంతసేపూ, కృష్ణుడూ రుక్మిణీ వచ్చినా కూడా తలెత్తేవారు కారనీ, చివర్లో రేవతీ బలరాములు కనిపించినప్పుడు మాత్రం చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయేదనీ రాశావు. రాసి, ఆ వెంటనే ఘంటసాల, లీలగార్ల గాత్రమాధుర్యంలోకి దూకేశావు. నాకు కోపం వచ్చింది అక్కడే. పడుచుజంటను వదిలేసి ఆవిడ ఆ పెద్దవాళ్ల కోసం ఎందుకు ఆగారో నీకు అడగాలనిపించలేదా?

సినిమా జ్ఞాపకం రాసేవాడు తెరకు వీపు పెట్టి కూర్చోవాలన్నది నా పట్టుదల; చాదస్తమన్నా సరే. తెర మీది బొమ్మ అందరికీ ఒకటే, ఇప్పుడు ఫోనులోనూ దొరుకుతుంది. దాన్ని చూస్తున్న మనిషి ముఖం మాత్రం ఆ పక్కన కూర్చున్నవాడు రాస్తే తప్ప ఇంకెక్కడా దొరకదు. మా ఊరి టూరింగ్ టాకీసులో ప్రొజెక్టరు ఒక్కటే కావడంతో రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. అప్పుడే కళ్లు తుడుచుకుంటూ దొరికిపోయే మోతుబరులనూ, నేల టికెట్టులో పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని ఇంకా ఖాళీ తెరనే చూస్తున్న ఆడవాళ్లనూ చూశాను. నాకు రాయడం నేర్పింది ఆ వెలుతురే.

అక్కడి ఆపరేటరు నన్ను కేబిన్లోకి రానిచ్చేవాడు. రాగిపూత ఉన్న రెండు కార్బన్ కడ్డీల మొనల మధ్య తెల్లటి మంట. కడ్డీలు కాలి ఎడం పెరిగితే తెర మసకబారేది, నేలలోంచి ఈలలు లేచేవి. అతను మాత్రం కథ పట్టకుండా ఆ మంటనే చూస్తూ, చేత్తో మర తిప్పి మొనలు దగ్గరకు జరిపేవాడు. అతని మీదే నా తొలి వ్యాసం రాశాను. చాలా పత్రికల నుంచి తిరిగొచ్చాక ఒక సంపాదకుడు వేసుకున్నాడు కానీ, ఆపరేటరున్న పేరాలన్నీ కోసేసి, ఆ ఖాళీలో కథానాయకుడి ఫొటో పెట్టాడు. పాఠకులకు కావలసింది తారలట, కడ్డీలు కావట! ఆయన పోయి చాలాకాలమైనా ఆయన పద్ధతి పోలేదు. ఏ ప్రత్యేక సంచిక తిరగేసినా విడుదల తేదీ, శతదినోత్సవ కేంద్రాల జాబితా, ఆఖరున ‘ఆ రోజులే వేరు’ అన్న నిట్టూర్పు. నీ వ్యాసం చివర కూడా ఆ నిట్టూర్పు ఉంది, కొట్టేశాను. 2010లో రంగులద్దిన ప్రతి మంచిదా, పాతదే మంచిదా అని నువ్వు చేసిన చర్చనూ కొట్టేశాను. అమ్మమ్మగారు చూసినది ఏ ప్రతో చెబితే చాలు.

ఏ పత్రికకు పంపాలో, పారితోషికం ఎంతిస్తారో తరవాత చూద్దాం. ముందు మీ అమ్మగారిని కూర్చోబెట్టి అడుగు: తాతగారు అమ్మమ్మగారిని సినిమాకు తీసుకెళ్లేవారా, తీసుకెళితే పక్కన కూర్చునేవారా, లేక మగవాళ్ల వైపు వెళ్లిపోయేవారా? ఇద్దరూ కలిసి ఎప్పుడైనా పడవ ఎక్కారా? ఆవిడకు తెలియకపోతే తెలియదనే రాయి, నీ ఊహతో పూడ్చకు. మొదటి మూడు పేజీలూ తీసేసి, చిక్కుడుకాయల దగ్గర మొదలుపెట్టి, వచ్చే నెలలోగా పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి