నలభై పనిముట్ల పెట్టె కొనొచ్చా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నల్లగండ్ల. మా ఆయనకు గేర్ల సైకిల్, పదేళ్ల బాబుకు మామూలు సైకిల్ ఉన్నాయి. ఆదివారం ఇద్దరూ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు ఉన్న ట్రాక్‌కి వెళ్తారు. చిన్న పనికి కూడా షాపుకే పరుగెత్తాల్సి వస్తోంది. ఆన్‌లైన్‌లో నలభై పనిముట్లున్న పెట్టె చూశాను, కొనొచ్చా? వానలో తడిసినప్పటి నుంచి గేర్ల సైకిల్ చైను కిర్రుమంటోంది. కొబ్బరినూనె వేస్తే చాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: చెల్లెమ్మా, ఆ పెట్టె వద్దు. మొదట్లో నేనూ అలాంటిదే కొన్నాను. ఒక ఆదివారం తెల్లవారుజామున నార్సింగి బయల్దేరే ముందు సీటు ఎత్తు మార్చబోతే, అందులోని 5 ఎంఎం ఆలెన్ కీ (ఎల్ ఆకారంలో, ఆరు మూలలతో ఉండే కీ) బోల్టులో జారి తిరిగిపోయింది. కీ అంచులు అరిగాయి, బోల్టు తలలోని మూలలూ పోయాయి. చివరికి ఆ బోల్టును డ్రిల్లు పెట్టి తీయించాను. కీ ఉక్కు మెత్తగా ఉంటే సైకిల్‌కే నష్టం. పైగా ఆ నలభైలో చాలావాటితో మీకు పనే పడదు.

ముందు కాగితం, పెన్ను పట్టుకుని రెండు సైకిళ్ల దగ్గర కూర్చోండి. ఏయే బోల్టులున్నాయో రాసుకోండి. గేర్ల సైకిల్‌లో హ్యాండిల్, సీటు, బ్రేకుల పని చాలావరకు 4, 5, 6 ఎంఎం ఆలెన్ కీలతో అయిపోతుంది. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో టపారియా లాంటి మంచి కంపెనీ సెట్టు అడగండి. బాబు సైకిల్ చక్రాల నట్లకు ఎక్కువగా 15 ఎంఎం పానా పడుతుంది. పెడల్‌కూ సాధారణంగా అదే. ఎడమ పెడల్ మర మాత్రం తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక బలమంతా పెట్టి ఇంకా బిగించేసేవాళ్లను చాలామందిని చూశాను.

డబ్బు ఎక్కువ పెట్టాల్సింది పంపు మీద. నేల మీద నిలబెట్టి రెండు చేతులతో కొట్టేది, గాలి ఎంతుందో చూపే మీటరు ఉన్నది తీసుకోండి. పంచర్ లేకపోయినా ట్యూబులో గాలి మెల్లగా తగ్గుతూనే ఉంటుంది. తక్కువ గాలితో గుంతలో పడితే ట్యూబు రిమ్ముకూ టైరుకూ మధ్య నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. మన రోడ్ల మీద ఇది చాలా మామూలు. ఎంత గాలి కొట్టాలో టైరు పక్కనే పీఎస్ఐలో (గాలి ఒత్తిడి కొలత) రాసి ఉంటుంది. కొనేముందు వాల్వు చూసుకోండి. మోటార్ సైకిల్‌కు ఉండే లావుపాటిదా, సన్నగా పొడుగ్గా ఉండేదా, వాల్‌ట్యూబు వేసే పాతకాలం రకమా? మీ రెండు సైకిళ్లకూ పట్టే పంపే తీసుకోండి.

పంచర్‌కు టైరును రిమ్ము నుంచి ఎత్తే ప్లాస్టిక్ టైర్ లివర్లు రెండు, ప్యాచ్‌లు, సొల్యూషన్ చాలు. స్క్రూడ్రైవర్‌తో టైరు ఎత్తకండి, ట్యూబు చిరుగుతుంది.

ఇక చైను. కొబ్బరినూనె వద్దమ్మా, చలికాలం పొద్దున అది గడ్డకడుతుంది. సైకిల్ చైను ఆయిల్ చిన్న సీసా తెచ్చుకోండి. ముందు పాత కాటన్ గుడ్డతో మట్టి తుడిచి, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క వేసి, పెడల్ వెనక్కి తిప్పండి. కాసేపాగి పైన మిగిలిన నూనె పూర్తిగా తుడిచేయండి, లేకపోతే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. డిస్క్ బ్రేకులైతే చక్రం మధ్యలో ఉండే గుండ్రటి ప్లేటు మీద చుక్క కూడా పడకూడదు, బ్రేకు పట్టదు.

ఒక స్టీలు స్కేలు కూడా ఉంచుకోండి. చైను బిగువుగా ఉన్నచోట ఒక పిన్ను మధ్య నుంచి కొలిస్తే సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్య రావాలి. ఆ పిన్ను 12 అంగుళాల గీతను 1/16 అంగుళం దాటిందంటే చైను మార్చే సమయం వచ్చింది. అలాగే తొక్కుతూ పోతే వెనక గేరు పళ్లు కూడా అరిగి ఖర్చు పెరుగుతుంది.

చక్రం బెండ్ తీయడం, పెడళ్ల మధ్య బేరింగుల పని షాపుకే వదిలేయండి. వాటికి పనిముట్ల కంటే చేతి అలవాటు ముఖ్యం. శనివారం సాయంత్రం గాలి చూసే పని మాత్రం బాబుకు అప్పగించండి, పదేళ్ల పిల్లాడు చక్కగా చేస్తాడు.