డైమ్ స్టోరు చిల్లర కొట్టు అవుతుందా?

సందేహం: మా పక్కింటి అమెరికన్ పెద్దావిడ తన చిన్నప్పటి ‘ఫైవ్ అండ్ డైమ్’ స్టోరు (డైమ్ స్టోరు అన్నా అదే, ఐదు, పది సెంట్ల సరుకులమ్మే కొట్టు) గురించి రాసుకున్న జ్ఞాపకాలను తెలుగు చేస్తున్నాను. ‘మా ఊరి చిల్లర కొట్టు’ అని పేరు పెట్టి, ‘1997లో ఊల్‌వర్త్ వాళ్లు మా కొట్టు కట్టేశారు’ అని ముగించాను. చిల్లర కొట్టు కుదరలేదంటారు మా నాన్నగారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, డాలస్

సమాధానం: మీ నాన్నగారిదే ఒప్పు. చిల్లర కొట్టు అనగానే మనవాళ్లకు ఉప్పూ పప్పూ గుర్తొస్తాయి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న శెట్టిగారు పావుకిలో పంచదార తూచి, పొట్లం కట్టి, పురికొస చుట్టి ఇస్తారు. సరుకు మీద మన చెయ్యి పడదు. డైమ్ స్టోరులో చెయ్యి పడటమే విశేషం. ఊల్‌వర్త్ కొట్లకు ఆద్యుడైన ఫ్రాంక్ ఊల్‌వర్త్ 1879లో న్యూయార్క్ రాష్ట్రంలోని యుటికాలో పెట్టిన మొదటి కొట్టు నడవలేదు. అదే ఏడాది పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో పెట్టింది నిలబడింది. సరుకు బల్లల మీద పరిచి ఉండేది. మొదట ఏదైనా 5 సెంట్లే, తర్వాత 10 సెంట్లవీ చేరాయి. బేరం లేదు. ఒక్క నాణెం పట్టుకొచ్చిన పిల్ల ఎవర్నీ ఏదీ అడక్కుండా అరగంట తిరగొచ్చు. పెద్దావిడ రాసిందంతా ఆ అరగంట గురించే అయి ఉంటుంది, చూడండి.

డైమ్ అంటే డాలరులో పదోవంతు. లాటిన్ మూలం, మన ‘దశ’కు దూరపు చుట్టం. 5 సెంట్ల నికెల్‌కు డైమ్ రెట్టింపు, మన అణాకు బేడ రెట్టింపు. ‘అణా బేడ కొట్టు’ అనేద్దామని నాకూ నోరూరింది. కానీ 1957లో నయాపైసలు వచ్చాక పుట్టినవాళ్లలో చాలామందికి బేడ తెలీదు. తెలిసినవాళ్లకేమో అమెరికా బదులు గుంటూరు బజారు కనిపిస్తుంది.

మనకు దగ్గరి పోలిక తిరునాళ్లలో ఉంది. గోనెపట్టా మీద దువ్వెనలు, పిన్నీసులు, బుల్లి అద్దాలు, రేకు ఈలలు పరిచి ‘ఏది తీసుకున్నా అర్ధరూపాయే’ అని అరిచేవాడు. నేను ఈల తీసి, పెట్టేసి, అద్దం తీసి, మళ్లీ ఈల తీసి, ఊది చూశాను. ‘ఎంగిలి చేశావు, ఇక నీదే’ అన్నాడు. ఆ పట్టాకు గోడలూ కప్పూ వేస్తే డైమ్ స్టోరే. అయినా దాన్ని పోలికగానే వాడుకోండి. శీర్షికకు ‘మా ఊరి ఐదు, పది సెంట్ల కొట్టు’ చాలు. లోపల ఒకసారి వివరించి, ఆపైన ఉత్త ‘కొట్టు’ అనండి.

ముగింపు వాక్యం కూడా మార్చాలి. కొట్టు కట్టేయడం రాత్రిపూట పని, పొద్దున్నే మళ్లీ తీస్తారు. 1997లో ఊల్‌వర్త్ వాళ్లు అమెరికాలో మిగిలిన 400 పైచిలుకు కొట్లనూ మూసేస్తున్నట్టు ప్రకటించారు. అది కట్టేయడం కాదు, ‘ఎత్తేయడం’.